వీఎం లోపల వీఎం: క్రాష్ ఏ అంతస్తులో మొదలైంది?

సెలవులకు మా ఊరు బీర్కూర్ వచ్చినప్పటి నుంచి క్లాస్‌మేట్స్ దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఇదే: "లోపలి వీఎం స్టార్ట్ అవుతోంది, కాసేపటికి ఆగిపోతోంది. మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?"

చేయకండి. ఇంటి దగ్గర ఉన్నది ఒక్క 8 జీబీ ల్యాప్‌టాప్, మొబైల్ డేటా. మళ్లీ ఇన్‌స్టాల్ అంటే రోజువారీ డేటా అంతా పోతుంది, ల్యాబ్ రికార్డు ఇంకో రోజు వెనక్కి పోతుంది. పైగా చాలాసార్లు తప్పు లోపలి వీఎంలో ఉండనే ఉండదు.

మూడు అంతస్తులు

మన ల్యాప్‌టాప్ ఎల్0. అందులో నడిచే వీఎం ఎల్1. ఆ వీఎం లోపల నడిచేది ఎల్2. ఇంటెల్ 2005లో వీటీ-ఎక్స్, ఏఎండీ 2006లో ఏఎండీ-వీ తెచ్చాయి. ప్రాసెసర్‌లోని ఈ సదుపాయాన్ని నేరుగా వాడుకునేది ఎల్0 ఒక్కటే. ఎల్2లో హైపర్‌వైజర్ చూడాల్సిన పని ఏది వచ్చినా కంట్రోల్ ముందు ఎల్0కే వెళ్తుంది. అది ఎల్1కి అప్పగిస్తుంది. ఎల్1 ఆ ఒక్క పని తేల్చేలోపు మళ్లీ పలుమార్లు ఎల్0 దగ్గరికి రావాల్సి వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఈ వ్యవహారాన్ని కేవీఎంలో ఎలా నడపొచ్చో ఐబీఎం పరిశోధకులు 2010లో 'టర్టిల్స్' ప్రాజెక్టు పేపర్‌లో చూపించారు.

మా వైపు నిజాంసాగర్ కాలువ నీళ్లు చివరి మడికి అందకపోతే ఎవరూ ఆ మడిని తవ్వరు. పైకి నడుచుకుంటూ వెళ్లి తూము చూస్తారు. ఇక్కడా అంతే. ఎల్2లో కనిపించేది లక్షణం మాత్రమే, కారణం తరచూ పైనే ఉంటుంది. ఎలా ఆగిపోయిందో చూస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

1. అసలు స్టార్టే కాకపోతే

ఎల్1 లినక్స్ అయితే దాని టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌సీపీయూ' కొట్టండి. వర్చువలైజేషన్ అనే వరుసలో వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వీ కనిపించాలి. లేదంటే ఎల్0 ఆ సదుపాయాన్ని కిందికి వదలడం లేదు. వర్చువల్‌బాక్స్‌లో ఏఎండీకి 6.0 నుంచి, ఇంటెల్‌కు 6.1 నుంచి నెస్టెడ్ ఆప్షన్ ఉంది. ఎల్0లో కేవీఎం వాడేవాళ్లు సీపీయూ మోడ్‌ను హోస్ట్-పాస్‌త్రూ పెట్టాలి.

విండోస్ వాళ్లు ఇంకొకటి చూడాలి. వర్చువల్‌బాక్స్ విండో కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంటే హైపర్-వీ ముందే ప్రాసెసర్‌ను పట్టుకుని ఉందని అర్థం. డబ్ల్యూఎస్ఎల్2, మెమరీ ఇంటెగ్రిటీ లాంటివి ఆన్‌లో ఉంటే ఇలా అవుతుంది. మెమరీ ఇంటెగ్రిటీ భద్రత కోసం పెట్టింది, ల్యాబ్ కోసం ఆపితే పని అయ్యాక మళ్లీ ఆన్ చేయండి.

2. చప్పుడు లేకుండా మాయమైతే

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. ఎల్2 లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. లెక్క వేద్దాం: 8 జీబీలో ఎల్1కి 4 ఇచ్చాం. అందులో ఎల్2కి 3 ఇచ్చాం. ఎల్1లోని ఓఎస్, డెస్క్‌టాప్, క్యూఎము అన్నీ మిగిలిన 1 జీబీలో సర్దుకోవాలి. ఎల్2 తన వాటా మొత్తం వాడటం మొదలుపెట్టగానే ఎల్1లో మెమరీ అయిపోతుంది. అప్పుడు లినక్స్ సాధారణంగా ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆ ప్రాసెస్ మన ఎల్2నే! లోపలి నుంచి చూస్తే ప్లగ్ పీకినట్టే, అందుకే అక్కడ ఆనవాలు ఉండదు.

ఎల్1లో 'డీమెసేజ్' తెరిచి 'ఔట్ ఆఫ్ మెమరీ' కోసం వెతకండి. దొరికితే ఎల్2ని 1.5 జీబీకి తగ్గించండి, ఎల్1లో డెస్క్‌టాప్ లేని సర్వర్ ఓఎస్ వాడండి, కాస్త స్వాప్ కలపండి.

3. కదలకుండా నిలిచిపోతే

'పాజ్డ్' అని చూపిస్తే ముందు డిస్క్ చూడండి. ఎల్1లోనో ఎల్0లోనో డిస్క్ నిండితే వీఎం పాజ్ అవుతుంది. ఖాళీ చేసి రెజ్యూమ్ కొడితే చాలు. స్క్రీన్ మీద 'సాఫ్ట్ లాకప్' మెసేజ్‌లు వస్తుంటే ఎల్2కి సీపీయూ సమయం అందడం లేదేమో అని అనుమానించాలి. కోర్లు తగ్గించి ఇచ్చి చూడండి.

4. సేవ్ చేసి తెరిచాక పానిక్ అయితే

కరెంటు పోయి బ్యాటరీ తగ్గుతుంటే మన చేయి 'సేవ్ స్టేట్' మీదికే పోతుంది. ఎల్2 నడుస్తుండగా ఎల్1ని సేవ్ చేయొద్దని, చేస్తే కెర్నల్ పానిక్ దాకా పోవచ్చని లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ ఏఎండీ సిస్టమ్‌ల గురించి హెచ్చరించింది. ఏ ప్రాసెసర్ అయినా ముందు ఎల్2ని షట్‌డౌన్ చేసి, తర్వాత ఎల్1 సంగతి చూడటం మంచి అలవాటు.

ఇవేవీ కాకపోతే

ఎల్2 డిస్క్ ఇమేజ్ కాపీ ఒకటి తీసి నేరుగా ఎల్0లో నడపండి. అక్కడ బాగా నడిస్తే ఇమేజ్ దాదాపు నిర్దోషి, గొడవ అంతస్తుల మధ్యే ఉంది. అక్కడా పడిపోతే అప్పుడు ఇన్‌స్టాల్ మాట ఆలోచించొచ్చు. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, ఏం మార్చారో నోట్‌బుక్‌లో రాసుకోండి. నాలుగు ఒకేసారి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, వైవాలో అడిగితే చెప్పలేం.

చివరగా, మీ ప్రయోగానికి కావాల్సింది నాలుగు లినక్స్ నోడ్లు మాత్రమే అయితే ఎల్2 అవసరమే లేదు. ఎల్1లో కంటైనర్లు సరిపోతాయి. 8 జీబీ ల్యాప్‌టాప్ మీద అవి హాయిగా నడుస్తాయి.

మీ వీఎం ఇంకో రకంగా పడిపోతోందా? ఏ అంతస్తులో ఏ మెసేజ్ వచ్చిందో రాసి క్లబ్‌కు పంపండి, వచ్చే సంచికలో కలిసి విప్పుదాం.