ఇది ఎవరి మాను?

చెల్లీ, మొన్న శనివారం రాగిమాను చుట్టూ ప్రదక్షిణలు చేస్తా ఉంటే మా పాప అడిగింది: "అమ్మా, బుద్ధుడికి జ్ఞానం కలిగింది ఈ మాను కిందేనంట. నువ్వేమో నారాయణా అని మొక్కుతాండావు. ఇంతకీ ఇది ఎవరి మాను?"

ఆ రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని నాకు తెలిసింది చెప్పినా.

మన ధర్మాన్ని మొదలుపెట్టింది ఫలానా మనిషి అని చెప్పలేం పాపా. వేదాలు, పురాణాలు, ఊరి పొలిమేరలో పెద్దమ్మ, కొండ మీద వెంకన్న, అన్నీ కలిసి పారిన ఏరు అది. బౌద్ధానికి ఊట ఒక్కటే. సుమారు 2,500 ఏళ్ల కిందట శాక్యుల ఇంట పుట్టిన సిద్ధార్థుడు, మనిషికి దుఃఖం ఎందుకని ఇల్లు విడిచి వెతికినాడు. కోరికే మూలమన్నాడు, ఎనిమిది అంగాల దారి చూపించినాడు. కర్మ, మరుజన్మ రెండు దారుల్లోనూ ఉన్నాయి. మన ఉపనిషత్తులు నశించని ఆత్మ ఉందంటే, ఆయన అట్లాంటిది లేదన్నాడు. వేదమే ప్రమాణమనలేదు, యజ్ఞంలో జీవాన్ని బలియ్యడం ఒప్పుకోలేదు. తన భిక్షువుల సంఘంలోకి అన్ని కులాలవాళ్లనూ రానిచ్చినాడు.

బుద్ధుణ్ణి దశావతారాల్లో లెక్కపెట్టేవాళ్లు మనలో ఉన్నారు. 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మనన్నది ఒకటి. కులం పేరుతో పడిన బాధలోంచి వచ్చిన మాట అది. మనం ప్రేమతోనే 'మావాడే' అన్నా, బౌద్ధుల మనసు నొచ్చుకుంటుందేమో చూసుకోవాల చెల్లీ.

ఒకరి మతాన్ని ఒకరు గౌరవించుకోవాలనే మాటకు మన సీమలోనే సాక్ష్యముంది. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి గుండ్ల మీద, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు బ్రాహ్మీ లిపిలో రాయించిన శాసనాలున్నాయి. అమ్మానాయనల మాట వినండి, జీవాల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని భేరి మోగించి పల్లె జనానికి చాటమన్నాడు. దారి పొడుగునా బావులు తవ్వించి చెట్లు నాటించినానని చెప్పుకున్నాడు. కడవ నీళ్ల కోసం బోరింగు కాడ నిలబడే మనకు ఆ మాట విలువ ఒకరు చెప్పాల్నా? తాను బౌద్ధుడై ఉండి కూడా, బ్రాహ్మణులనూ, సన్యాసులైన శ్రమణులనూ ఆదరించమన్నాడు. తన మతాన్ని పొగుడుకోవడానికి ఎదుటివాళ్ల మతాన్ని కించపరిస్తే, చెడేది తన మతమేనన్నాడు.

కడప సీమలో నందలూరికి పోయి చూడు. చెయ్యేటి ఒడ్డున సౌమ్యనాథుడి గుడి ఉంది, ఆ దగ్గర్లోనే గుట్ట మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. రెండు దారులవాళ్లూ దప్పిక తీర్చుకున్నది ఆ ఒక్క ఏట్లోనే.

తెల్లారి పాప చెంబు తీసుకుని రాగిమాను దగ్గరికి పోయింది. "ఎవరి మానైనా ఎండల్లో దానికి నీళ్లు కావాల గదమ్మా" అంది.

దాని ప్రశ్నకు నేను చెప్పలేకపోయిన జవాబు అదే చెల్లీ.