పళ్ళకు క్లిప్పులు, పలుకుకు దంత్యాలు

ఈ మధ్య మన తరగతుల్లో పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలు ఎక్కువగానే కనబడుతున్నారు. వైద్యులు వీటిని బ్రేసెస్ అంటారు, ఇక్కడి హిందీ మిత్రులు ‘తార్’ అంటారు, మన ఇళ్ళలో మాత్రం క్లిప్పులే. క్లిప్పులు వేసిన మొదటి వారం ఈ పిల్లలు తెలుగు పాఠం పైకి చదవమంటే లేవరు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి హాజరు పిలిచినా చెయ్యే ఎత్తింది గాని పల్లెత్తు మాట ఆడలేదు. గమనించారా, ‘పల్లెత్తు మాట’లో ఉన్నది పల్లే! నోరు తెరిచి పన్ను కనబడేలా అనే మాట అన్నమాట. అందుకని ఈసారి వర్ణోత్పత్తి స్థానాల పాఠాన్ని క్లిప్పులతోనే చెప్పుకుందాం.

ముందు పన్ను సంగతి. పన్ను, పంటి, పళ్ళు: ఒకే మాటకు మూడు రూపాలు. విభక్తి చేరేటప్పుడు పన్ను ‘పంటి’ అవుతుంది. కన్ను కంటి, మిన్ను మింటి అయినట్టే. వీటినే ఔపవిభక్తికాలు అంటాం. పంటి నొప్పి, పంటి కింద రాయి, పంటి బిగువున ఓర్చుకోవడం, ఇవన్నీ ఈ ‘పంటి’ ఇచ్చిన పలుకుబళ్ళే. బహువచనంలో ‘ళ్ళు’ వచ్చేసరికి అసలు ధాతువు బయటపడుతుంది. మన బస్తర్‌లో గోండి మాట్లాడే ఇంటి పిల్లవాణ్ణి అడగండి, పన్నును ‘పల్’ అంటాడు. జగ్‌దల్‌పూర్ చుట్టుపక్కల ధుర్వాలు మాట్లాడే పర్జి భాషలో ‘పెల్’. బరో, భట్టాచార్య గార్లు 1953లో పర్జి భాష మీద పుస్తకమే రాశారు. మనం మనవాళ్ళకు దూరంగా వచ్చామనుకుంటాం గాని, నోట్లో పన్ను దగ్గరే చుట్టరికం ఉంది. ఇక దంతేవాడలోని దంతేశ్వరి అమ్మవారి పేరులో ఉన్నది సంస్కృత ‘దంతం’. సతీదేవి దంతం అక్కడ పడిందని భక్తుల నమ్మకం.

ఇప్పుడు దంత్యాలు. త, థ, ద, ధ, న, ల, స అనే అక్షరాలు పలికేటప్పుడు నాలుక కొన పై పళ్ళ వెనుక తగులుతుంది. ‘తాత’ అని చూడండి. క్లిప్పులు ఎక్కడ ఉన్నాయి? మామూలు క్లిప్పులు పళ్ళ ముందువైపు అంటిస్తారు, నాలుక వైపు కాదు. కాబట్టి దంత్యాలకు వీటివల్ల పెద్ద అడ్డం లేదు. మొదట్లో లాలాజలం ఎక్కువ ఊరడం వల్ల, పళ్ళు సలపడం వల్ల, కొందరికి ‘స’, ‘శ’ కాస్త తడబడతాయి. కొద్ది రోజుల్లో నోరు సర్దుకుంటుంది. నిజంగా ఇబ్బంది పడేది పెదవులు. ‘వ’ దంత్యోష్ఠ్యం; కింది పెదవి పై పళ్ళను తాకాలి. ఆ తాకే చోటే కొత్త లోహం ఉంది. ప, బ, మలకు పెదవులు రెండూ ముందుకు పొడుచుకొచ్చిన క్లిప్పుల మీదుగా మూసుకోవాలి. పాఠం ‘వాన’ గురించి అయితే ఆ అమ్మాయి లేవకపోవడంలో వింతేముంది? క్లిప్పులు తీశాక వేసే పలక, అదే రిటైనర్, అంగిలికి ఆనుకొని ఉండేదైతే సంగతి వేరు. అది నాలుక దారిలోనే ఉంటుంది కనుక అప్పుడు త, ద, సలు కొన్నాళ్ళు మొద్దుబారతాయి.

మన తెలుగుకు ఇంకో సొగసు ఉంది. చ, జలు రెండు రకాలు. చిలుక, చెట్టు, చేపలలో ‘చ’ తాలవ్యం. నాలుక అంగిలి వైపు పోతుంది. చలి, చాప, చుట్టంలో దంత్యం. త, స కలిపి వేగంగా అన్నట్టు ఉంటుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ తేడాను సూత్రాల్లో పెట్టింది. బ్రౌను తన నిఘంటువులో దంత్యాలకు ౘ, ౙ అని వేరే గుర్తులు వాడాడు. హిందీ గాలిలో పెరిగిన మన పిల్లలు అన్ని ‘చ’లనూ తాలవ్యంగానే పలికేస్తారు. క్లిప్పులకంటే ఈ జబ్బే మాకు ఎక్కువ దిగులు. అందుకని ఆ వారం తరగతిని వంతులవారీగా కాక మూకుమ్మడిగా చదివించాం. నలభై గొంతుల మధ్య ఒక గొంతు తడబాటు ఎవరికి వినబడుతుంది? నాలుగో రోజున ఆ అమ్మాయే వచ్చి ‘వ’ ఒక్కటే కష్టంగా ఉందని చెప్పింది. అంటే పాఠం అర్థమైందన్నమాట. ‘తార్ వాలీ’ అని నవ్విన అబ్బాయికి ‘చాప’, ‘చేప’ పది రకాలుగా చెప్పించాం. ఆ నవ్వు అతనికే తిరిగి వచ్చింది.

పన్ను ఎలా కదులుతుందో కూడా తెలుసుకోవాలి. పన్నుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. తీగ మెల్లగా నొక్కినప్పుడు నొక్కుడు పడిన వైపు ఎముక కరుగుతుంది, రెండో వైపు కొత్త ఎముక పోసుకుంటుంది. ఈ మరమ్మతు జరుగుతున్నప్పుడు కొన్ని గంటలకు నొప్పి మొదలై, ఒకటి రెండు రోజులు బాగా ఉండి, సాధారణంగా వారంలో తగ్గుతుంది. మొదట వాడే సన్నని తీగ చాలాసార్లు నికెల్, టైటానియం కలిపిన లోహం. ఎంత వంచినా తన ఆకారానికి తిరిగి వస్తుంది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టింది కనుక దాని పేరు చివర ఆ ప్రయోగశాల పొడి అక్షరాలు చేర్చి నిటినాల్ అన్నారు. పళ్ళ మీది బిళ్ళలు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలువి. బైలాడిలా ఇనుము విశాఖ దాకా వెళ్తున్న రైలు రోజూ చూస్తాం కదా, అందులో రవ్వంత ఎవరి నోట్లోకి చేరిందో!

తిండి విషయంలో మన ప్రాంతం మేలు చేసింది. మండియా పేజ్, అంటే రాగి అంబలి, మొదటి వారానికి ఇంతకంటే మంచిది లేదు. ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం సరే. జంతికలు, చెరుకు, వేరుశనగ పట్టీ, మొక్కజొన్న కంకి, పుల్లకు గుచ్చిన చింతపండు ముద్ద మాత్రం వద్దు. జామకాయ ముక్కలు కోసి తినవచ్చు. దాతున్ పుల్ల నమలడం ఆపి మెత్తటి బ్రష్షు పట్టాలి. పుల్ల కొరికితే బిళ్ళ ఊడుతుంది. బుగ్గ ఒరిసిపోతే గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి, వైద్యులిచ్చిన మైనం అద్దాలి. తీగ కొన గుచ్చుకుంటే కొత్త పెన్సిలు రబ్బరు చివరతో మెల్లగా వంచవచ్చు. ఇంట్లో కత్తిరించబోవద్దు.

ఇక అమ్మానాన్నలు చదవాల్సిన ముక్క ఒకటుంది. ఈ వైద్యం తరచు ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. నాలుగైదు వారాలకొకసారి చూపించాలి. మన ఉద్యోగాలు అన్నాళ్ళు ఒక్క ఊళ్ళో ఉంచుతాయా? మేమూ ఊళ్ళు మారిన వాళ్ళమే. సి.ఆర్.పి.ఎఫ్. క్యాంపులో ఉన్నవాళ్ళకు, గని ఉద్యోగులకు బదిలీ కాగితం ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే క్లిప్పులు వేయించే రోజునే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. బదిలీ అయితే టి.సి.తోపాటు మొదటి ఫోటోలు, ఎక్స్‌రేలు, పళ్ళ అచ్చులు, వైద్య ప్రణాళిక, ఇప్పుడు నోట్లో ఉన్న తీగ ఏదో రాసిన కాగితం, చెల్లించిన డబ్బుకు రసీదులు అడిగి తీసుకోవాలి. అవి లేకపోతే కొత్త ఊరి వైద్యుడు సగంలో ఆగిన పనిని మొదటి నుంచి లెక్క వేసుకోవాల్సి వస్తుంది. విశాఖ వెళ్ళి చూపించుకునే వాళ్ళు మైనం డబ్బీ సామాన్ల పెట్టెలో కాక చేతి సంచిలో పెట్టుకోండి. అరకు సొరంగాల మధ్య తీగ గుచ్చుకుంటే దుకాణం దొరకదు.

అభ్యాసం: ‘చలికి చాప చుట్టుకున్న చుట్టం చెట్టు కింద చేపలు చూశాడు.’ ఈ వాక్యాన్ని అద్దం ముందు మూడుసార్లు పైకి చదవండి. దంత్య ‘చ’లు ఐదు ఉన్నాయి, తాలవ్యాలు రెండు, గుర్తించి రాయండి. క్లిప్పులున్నవాళ్ళు ‘వాన వెలిసింది, వాగు నిండింది’ అని కూడా చదివి, ఏ రోజుకు ‘వ’ సాఫుగా వచ్చిందో నోటు పుస్తకంలో తేదీ వేసుకొని తీసుకురండి.