వాకీటాకీ కొనే ముందు: నర్సీపట్నం నుంచి హ్యామ్ రేడియోకి దారి

మాది నర్సీపట్నం. మైదానం అయిపోయి మన్యం మొదలయ్యే చోటు. చింతపల్లి రోడ్డు పట్టుకుని ఘాట్ ఎక్కుతుంటే ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటీ రాలిపోతాయి. లంబసింగి ట్రిప్పు అనుకున్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఆన్‌లైన్‌లో రెండు వాకీటాకీలు కొనేస్తే పోలా?" నాది ఈసీఈ కదా, జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబే ఈ వ్యాసం. ముందుగా ఒక్క ముక్కలో చెప్పేస్తాను: సెట్టు కన్నా ముందు లైసెన్సు, వాట్ల కన్నా ముందు యాంటెన్నా.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో లైసెన్సు అవసరమైన వైర్‌లెస్ సెట్‌ని అది లేకుండా వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఆ మాటే చెప్పింది, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమూ అదే చెబుతోంది. "బాక్స్ కూడా విప్పలేదు సార్" అంటే కుదరదన్నమాట. అందులోనూ మనది ఏజెన్సీ అంచు. చెక్‌పోస్టు దగ్గర బ్యాగులో వైర్‌లెస్ సెట్ కనిపిస్తే నాలుగు ప్రశ్నలు ఎక్కువే పడతాయి.

లైసెన్సు అక్కర్లేని సెట్లు కూడా ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ పవర్‌తో పనిచేసే చిన్న వాకీటాకీలు ఆ కోవకి వస్తాయి. అయితే వాటికి ప్రభుత్వ ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. ఈ-కామర్స్ సైట్లలో వాకీటాకీల అమ్మకంపై 2025లో మార్గదర్శకాలు వచ్చాయి. సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో అమ్మే పేజీలోనే చెప్పాలి. ఆ వివరం కనిపించకపోతే కొనకండి. రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లేటప్పుడు మాట్లాడుకోవడానికి ఈ చిన్న సెట్లు చాలు. అంతకు మించి కావాలంటే దారి హ్యామ్ రేడియోనే.

లైసెన్సు ఎలా?

దీన్ని అమెచ్యూర్ రేడియో అని కూడా అంటారు. కేంద్ర ప్రభుత్వంలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పరీక్ష పెడుతుంది. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు, ఇంజనీరింగ్ చదివి ఉండాలని లేదు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి.

గ్రేడులు రెండు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి బేసిక్ ఎలక్ట్రానిక్స్, నియమాలు చదివితే చాలు. జనరల్ గ్రేడుకి వాటితో పాటు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ కోడ్ కూడా రావాలి. పాసై, పరిశీలనలన్నీ అయ్యాక మీకంటూ ఒక కాల్‌సైన్ ఇస్తారు. రిస్ట్రిక్టెడ్ వాళ్లకి వీయూ3తో, జనరల్ వాళ్లకి వీయూ2తో మొదలవుతుంది. ప్రపంచంలో ఆ పేరు ఇంకెవరికీ ఉండదు. ఓమ్ సూత్రం, రెసొనెన్స్, మాడ్యులేషన్ మనకి ఎలాగూ సిలబస్సే. అసలు కొత్తగా చదవాల్సింది నియమాలే. మెకానికల్, సివిల్ వాళ్లు నెల రోజులు కూర్చుంటే చాలని నా అంచనా. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో మన తెలుగువాళ్లకి పెద్ద దిక్కు.

కొండ ముందు వాట్లు పనిచేయవు

కొత్తవాళ్లంతా మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అని. అడగాల్సింది "ఎంత ఎత్తు?" అని. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఎంత దూరం పోతుందో అంతే పోతాయి. చిన్న లెక్క ఉంది: యాంటెన్నా ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో హొరైజన్ కిలోమీటర్లలో వస్తుంది.

సెట్టు చేత్తో పట్టుకుంటే ఎత్తు మీటరున్నర. అంటే 5 కిలోమీటర్లు. అవతలివాడూ అలాగే నిలబడితే ఇద్దరి మధ్యా 10. అదే ఇద్దరూ 9 మీటర్ల ఎత్తున్న డాబాల మీద యాంటెన్నాలు పెడితే దాదాపు 25. సెట్టు మారలేదు, బ్యాటరీ మారలేదు, ఎత్తు మారిందంతే. కానీ ఇదంతా మధ్యలో అడ్డం లేనప్పటి లెక్క. నర్సీపట్నానికీ చింతపల్లికీ మధ్య కొండలున్నాయి. 5 వాట్లని 50 చేసినా కొండ పక్కకి జరగదు.

మరి కొండ అవతలికి ఎలా? నేరుగా పోలేనప్పుడు పైకి పోవాలి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే హ్యామ్‌లు 40 మీటర్ బ్యాండ్ అని పిలిచే చోట, పగటిపూట తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపితే అయనోస్ఫియర్ దాన్ని తిరిగి కిందికి పంపుతుంది. గొడుగు తిరగేసి నీళ్లు పోసినట్టు చుట్టూ వందల కిలోమీటర్ల మేర పడుతుంది. చింతపల్లి, సీలేరు, విశాఖ అన్నీ ఆ గొడుగు కిందే. రాత్రయ్యాక పరిస్థితి మారుతుంది. దగ్గరివాళ్లు వినపడక దూరదేశాలవాళ్లు వినిపించొచ్చు.

దీనికి కావాల్సిన యాంటెన్నా పేరు డైపోల్. 143ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి దాదాపు 20 మీటర్లు. అంటే పక్కకి పది మీటర్ల చొప్పున రెండు రాగి తీగలు, మధ్యలో కోయాక్సియల్ కేబుల్, కట్టడానికి రెండు కొబ్బరిచెట్లు. ఐదారు మీటర్ల ఎత్తు చాలు, ఇంకా పైకి ఎక్కక్కర్లేదు. కరెంటు తీగలకి మాత్రం బాగా దూరంగా కట్టాలి.

ఏం కొనాలి, ఏ వరసలో?

మొదట ఏమీ కొనకండి. ఇంటర్నెట్‌లో వెబ్ ఎస్‌డీఆర్ రిసీవర్లు ఉంటాయి, వాటిలో హ్యామ్‌ల సంభాషణలు వినండి. తర్వాత పరీక్ష, ఆ తర్వాత లైసెన్సు. అది చేతికొచ్చాక చేతిలో పట్టే వీహెచ్ఎఫ్ సెట్టు, డాబా మీదకి ఒక యాంటెన్నా. కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు. సన్నటి ఆర్‌జీ 58 కేబుల్ 15 మీటర్లు లాగితే వీహెచ్ఎఫ్‌లో సగం పవర్ దారిలోనే పోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ఒకటి నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. 40 మీటర్ల సెట్టు ఖరీదెక్కువ, అది చివర్లో. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 12 వోల్టుల బ్యాటరీ దానికి సరిగ్గా సరిపోతుంది.

బ్యాటరీ సంగతి ఎందుకంటే, రేడియో అసలు విలువ తెలిసేది కరెంటు లేని రోజునే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక ఫోన్లు ఎలా మూగబోయాయో మన ఇళ్లలో అందరికీ గుర్తే. అంతకు పదేళ్ల ముందు, 2004 డిసెంబర్‌లో, హైదరాబాద్ సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ గారి బృందం హ్యామ్ ప్రసారాల కోసం అండమాన్ వెళ్లింది. 26న సునామీ వచ్చింది. సరదాగా పెట్టిన ఆ స్టేషనే ద్వీపాల నుంచి క్షేమసమాచారాలు పంపే దారి అయింది. వాళ్లు ఆ రోజు కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. అప్పటికే యాంటెన్నా కట్టి ఉంది, చేయి తిరిగి ఉంది. తుపాను వచ్చాక బాక్స్ విప్పి మాన్యువల్ చదివేవాడి వల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు.

గాలిలో మర్యాద

హ్యామ్ బ్యాండ్లలో వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు, రహస్య భాష వాడకూడదు. మామూలు తెలుగు మాత్రం హాయిగా మాట్లాడుకోవచ్చు. ముందు వినాలి, ఖాళీగా ఉందని తేలాకే కాల్‌సైన్ చెప్పి పిలవాలి, అవతలివాళ్లు పూర్తి చేసేదాకా ఆగాలి. మన క్లబ్ చర్చల్లో కూడా ఈ మూడు నియమాలు పెడితే బావుంటుందని నాకనిపిస్తుంది.

మన కాలేజీలో ఐదుగురు పరీక్ష రాసి పాసైతే, తర్వాతి తుపానుకి ఈ చుట్టుపక్కల ఐదు ఊళ్లలో మాట్లాడగలిగే స్టేషన్లు ఉంటాయి. నియమాల పుస్తకం నోట్సు, పాత ప్రశ్నలు నా దగ్గరున్నాయి. కావాల్సినవాళ్లు శనివారం క్లబ్ మీటింగ్ అయ్యాక ఆగండి, కలిసి దరఖాస్తు పెడదాం.