నూటికి పది – దేని మీద?

శాతాల లెక్క హైస్కూల్లోనే చెప్పించుకున్నాం. అయినా డిగ్రీలో చేరాక కూడా నేను అందులో పొరబడ్డాను. ఆ సంగతి చెబితే మిత్రులకు సూత్రం గుర్తుండిపోతుందని రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు. మా ఇంట్లోనూ మగ్గం ఉంది. ఒకసారి ఒక వ్యాపారి, ఉతికిన తర్వాత 90 అంగుళాల పొడవు నిలిచే దుప్పట్లు డజను కావాలన్నాడు. మేం నేసే గుడ్డ మొదటి ఉతుకులో నూటికి పది చొప్పున కుదించుకుపోతుంది.

"నూరంగుళాలు నేస్తే సరిపోతాది" అన్నాడు నాయన.

"ఎందుకు నాయనా? 90కి నూటికి పది అంటే 9. మొత్తం 99 చాలు. దుప్పటికి అంగుళం మిగుల్తుంది" అన్నాను. కాలేజీలో చదివే కొడుకు కదా, నా మాట విన్నాడు.

ఉతికి టేపు పెడితే 89 దాటి ఒక్క గీత! దాదాపు అంగుళం తక్కువ. వ్యాపారి డజనుకూ కూలి కోసుకున్నాడు.

తప్పెక్కడ? కుదించుకుపోయేది మగ్గం దిగిన గుడ్డ. కాబట్టి శాతం కట్టవలసింది 99 మీద. అందులో పది శాతం 9.9. అది పోతే మిగిలేది 89.1. నేనేమో ఉతికిన తర్వాతి కొలత మీద శాతం కట్టాను.

సూత్రం ఇది: కొత్త కొలతలోంచి పాత కొలత తీసివేయాలి. ఆ తేడాను పాత కొలతతో భాగించి 100తో హెచ్చించాలి. జవాబు ధనమైతే పెరుగుదల, ఋణమైతే తగ్గుదల. 100 నుంచి 90కి దిగితే తగ్గుదల 10 శాతం. 90 నుంచి 100కి ఎక్కితే తేడా అదే 10 అయినా, భాగించేది 90తో గనుక పెరుగుదల 11.11 శాతం.

ఆదోని మార్కెట్టుకు పత్తి తోలే రైతుబిడ్డలకూ ఇది పనికొస్తుంది. పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2017–18లో క్వింటాలుకు రూ. 4,320, 2018–19లో రూ. 5,450. తేడా 1,130. పాత ధరతో భాగిస్తే పెరుగుదల 26.16 శాతం. పొరపాటున కొత్త ధరతో భాగిస్తే 20.73 వస్తుంది. రూపాయలు మారలేదు, శాతం మారిపోయింది.

నాయన నన్నేమీ అనలేదు. తర్వాతి డజనుకు మాత్రం నూరంగుళాల దగ్గరే గుర్తు పెట్టుకున్నాడు. ఇప్పుడెవరైనా ఇంత శాతం అంటే నేను మొదట అడిగేది ఒక్కటే: దేని మీద?