కలెక్టర్ కుర్చీ ఒక్కటే నాయకత్వమా?

పదో తరగతి ఫలితాలు రాగానే వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల, చిన్నంబావి, పాన్‌గల్ వైపు ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది. "మా పిల్ల మంచిగ మాట్లాడ్తది సారూ, లీడర్ లెక్క ఉంటది. కలెక్టర్ చదువు చదివిస్తం" అంటారు. ఆ ప్రేమను తప్పుపట్టాల్సింది లేదు. తరాలుగా వలసబాట పట్టిన పాలమూరులో (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో), ఆఫీసు మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ తల్లిదండ్రులకు లోపలి కుర్చీలో తమ బిడ్డను చూసుకోవాలనిపించడం సహజమే. తప్పంతా నాయకత్వమంటే ఆ కుర్చీయేనని నమ్మడంలో ఉంది. ఆ నమ్మకంతోనే పదిహేనేళ్ల పిల్లను 'ఐఏఎస్ ఫౌండేషన్' అని బోర్డు పెట్టిన కాలేజీలో చేర్చి, ఇంటర్ పుస్తకాలతోపాటు కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టిస్తున్నారు.

2024 ఏప్రిల్‌లో వచ్చిన 2023 సివిల్స్ ఫలితాల్లో అడ్డాకల్ మండలం పొన్నకల్‌కు చెందిన దోనూరు అనన్యరెడ్డి దేశంలో 3వ ర్యాంకు సాధించాక ఈ ఊపు ఇంకా పెరిగింది. పాలమూరు గర్వించాల్సిన గెలుపే అది. అయితే ఆ తర్వాతి సంవత్సరం లెక్కలు కూడా చూడాలి. 2024 సివిల్స్‌కు దరఖాస్తు చేసినవాళ్లు 9.9 లక్షలకు పైనే. చివరికి ఎంపికైనవాళ్లు 1,009 మంది. అందులో ఐఏఎస్ పోస్టులు 180. మిగతా లక్షల మందిలో నాయకత్వ లక్షణాలు లేవని ఎవరైనా అనగలరా?

అర్హత సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఏదైనా డిగ్రీ, 21 నుంచి 32 ఏళ్ల వయసు, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీలకు 37 వరకు.

ఖర్చు అలా ఒక్క ముక్కలో తేలదు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో జనరల్ స్టడీస్ కోచింగ్ ఫీజే లక్ష దాటుతుంది. ఆపైన హాస్టల్, మెస్, టెస్ట్ సిరీస్, చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లలో కొనే మెటీరియల్. జూరాల కాలువ కింద రెండెకరాలు సాగుచేసే ఇంటికి ఇది ఒకటి రెండు పంటల డబ్బు కాదు, అప్పు. ఆ అప్పుకు గడువుండదు, ఎందుకంటే పరీక్షకే గడువు లేదు. సివిల్స్‌తోపాటు రాసే రాష్ట్ర గ్రూప్-1 కథే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, ఆ ఏడాది ప్రిలిమ్స్, మెయిన్స్ నిర్వహించాక కూడా వివాదం మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఇన్నేళ్లూ గదిలో కూర్చున్న కుర్రాడికి ఊళ్లో వినిపించేది ఒకటే ప్రశ్న: "ఇంకా రాలేదా?" పిల్లల తప్పు ఇసుమంతైనా లేని చోట వాళ్లనే దోషుల్లా నిలబెట్టే ప్రశ్న అది. దయచేసి అడగడం మానండి.

కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఫొటోలను కూడా నమ్మాల్సిన పనిలేదు. తప్పుదారి పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ మధ్య పలు పేరున్న సివిల్స్ కోచింగ్ సంస్థలకు జరిమానా వేసింది. ఆ ర్యాంకర్లలో చాలామంది ఆయా సంస్థల్లో తీసుకున్నది ఇంటర్వ్యూ శిక్షణ ఒక్కటే. అదీ చాలా చోట్ల ఉచితంగా ఇచ్చేదే. ప్రకటన చూసిన తండ్రికి మాత్రం రెండేళ్ల కోర్సు ఫలితంలా కనపడుతుంది. "మీ ఫొటోల్లోవాళ్లు ఏ కోర్సు చదివారు?" అని కౌంటర్‌లో అడగండి. నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లు, టీ-శాట్ పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. ప్రిలిమ్స్ గట్టెక్కినవాళ్లకు సింగరేణి సంస్థ లక్ష రూపాయలు ఇచ్చే రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం పథకం 2024లో మొదలైంది. మొదటి మెట్టు సొంతంగా ఎక్కాకే ఖర్చు గురించి ఆలోచించవచ్చు.

ఇంతకీ నాయకత్వం ఎలా ఉంటుందో చూడాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, గద్వాల దారి పడితే చాలు. సురవరం ప్రతాపరెడ్డి సొంతూరు ఇటిక్యాలపాడు. న్యాయశాస్త్రం చదివారు. నిజాం కాలంలో, తెలుగు మాట్లాడితే చిన్నచూపు చూసే హైదరాబాద్‌లో, 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే ప్రతాపరెడ్డి కోపంతో మరో వ్యాసం రాసి ఊరుకోలేదు. కవులు తమ వివరాలు, పద్యాలు పంపాలని పత్రిక ద్వారా కోరారు. ఊరూరి నుంచి వచ్చినవన్నీ కూర్చి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఉత్తరాలు తెప్పించుకోవడం, పేరు పేరునా వివరాలు సరిచూడడం, అచ్చుతప్పులు దిద్దడం, అచ్చు ఖర్చు సమకూర్చడం... ఓపిక తప్ప ఆర్భాటం లేని పని. పదవి ఆ తర్వాతెప్పుడో వచ్చింది: 1952లో వనపర్తి నుంచి శాసనసభ్యుడయ్యారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆ కొద్దికాలపు ఎమ్మెల్యేగిరీ కన్నా పత్రిక, సంచిక, ఆంధ్రుల సాంఘిక చరిత్రలే ఆయన్ను నిలబెట్టాయి. ఇవాళ తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరుంది.

ఐఏఎస్‌లలోనూ జనం తలుచుకునేది ఎవరిని? ఎస్.ఆర్. శంకరన్‌ను. వెట్టిచాకిరీ నుంచి పేదలను విడిపించడానికి పాటుపడ్డ అధికారి. జీతం, పెన్షన్ పేద పిల్లల చదువులకే ఖర్చుపెట్టారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆయన కూర్చున్న కుర్చీలో ఎందరో కూర్చున్నారు, పేరు మాత్రం ఆయనదే మిగిలింది.

ఊళ్లో దగ్గరగా చూడదగింది మరొకటుంది: పొదుపు సంఘం మీటింగు. చాప మీద పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చుంటారు. డబ్బు అందరి ముందే లెక్కపెడతారు. అప్పు ఎవరికి ముందు ఇవ్వాలన్నది అక్కడే తేల్చుకుంటారు, మినిట్స్ పుస్తకంలో రాసింది చదువు రానివాళ్ల కోసం పైకి చదివి వినిపిస్తారు, ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ... వీటినే పంచసూత్రాలంటారు. పాలమూరు వలస కూలీలకు ఎదురైంది దీనికి పూర్తి విరుద్ధం. అడ్వాన్స్ ఎంత, కోత ఎంత అన్నది వాళ్లను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ పుస్తకంలోనే ఉండేది, కూలీకి తెలిసేది కాదు. సంఘం లీడర్, మేస్త్రీ ఇద్దరి చేతిలోనూ పుస్తకమే. ఒకరు తెరిచి చూపిస్తారు, ఒకరు మూసి పెట్టుకుంటారు. పిల్లలకు నాయకత్వం నేర్పాలనుకునేవాళ్లు ముందు ఈ తేడా చూపించాలి.

అందుకే, జనానికి ముఖాముఖి జవాబు చెప్పాల్సివచ్చే ఉద్యోగాలను చిన్నవని తోసెయ్యకండి. పంచాయతీ కార్యదర్శినే తీసుకోండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పారిశుధ్యం నుంచి నాటిన మొక్కల్లో 85 శాతం బతికించడం దాకా ఆ పోస్టు మెడకే చుట్టుకుంటుంది. పొద్దున్నే చెత్త ట్రాక్టర్ రాకపోతే ఫోన్ మోగేది ఆ ఉద్యోగికే. కష్టమైన కొలువే. కానీ ఇరవై ఐదేళ్ల వయసులో ఊరు ఊరంతా ఎలా నడుస్తుందో నేర్పే కొలువు మరొకటి దొరకదు. నర్సింగ్, వ్యవసాయ విస్తరణ కూడా అలాంటివే. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాస్తే వనపర్తి రాజప్రాసాదంలోని కేడీఆర్ పాలిటెక్నిక్, పాలెంలోని వ్యవసాయ పాలిటెక్నిక్ అందుబాటులోనే ఉన్నాయి. డిగ్రీ తర్వాత గ్రామీణాభివృద్ధి చదవాలనుకుంటే రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉండనే ఉంది.

ఇక సర్పంచ్ పదవికి 21 ఏళ్లు నిండితే చాలు. పదవిని వేలంలో పాడుకుని 'ఏకగ్రీవం' అనిపించుకునే తోవలోకి మాత్రం కుర్రాళ్లను దింపకండి. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న తొందర మొదటిరోజు నుంచే మొదలవుతుంది.

ఈ సెలవుల్లో పిల్లను సంఘం మీటింగుకు తీసుకెళ్లి మినిట్స్ రాయనివ్వండి. గ్రామసభలో కూర్చోబెట్టండి. పక్కింటి అవ్వ పింఛను దరఖాస్తు పూర్తిచేయించి, అది ఎక్కడ ఆగిందో కనుక్కురమ్మనండి. మూడుసార్లు తిరిగినా విసుగు పుట్టకపోతే ఆ పిల్లకు ప్రజల పని నచ్చిందని అర్థం. డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగంలో కుదురుకుని, అప్పటికీ సివిల్స్ మీదే మనసుంటే రాయనివ్వండి. ఎన్ని ప్రయత్నాలు, ఎంత ఖర్చు అన్నది ముందే కాగితం మీద రాసుకుని, ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాకే. ఈ లోపు ఇంటర్ పిల్లలను అశోక్‌నగర్ పంపే పనే లేదు.