పాస్‌బుక్‌లో పొట్టి అక్షరాలు: చదవడం నేర్చుకుందాం

ధాన్యం సొమ్మయినా, ప్రభుత్వ సాయమైనా ఇప్పుడు ఎక్కువగా ఖాతాలోనే పడుతోంది. పడకపోతే ఎవరిని అడగాలో తెలియక రైతులు బ్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. పాస్‌బుక్‌లో ప్రతి పద్దు పక్కన ఉండే పొట్టి అక్షరాలు చదవడం వస్తే సగం తిరుగుడు తప్పుతుంది. బ్యాంకును బట్టి రాత కాస్త మారినా ముఖ్యమైన గుర్తులు ఇవి.

ఎన్.ఇ.ఎఫ్.టి.: వ్యాపారి మీ ఖాతా నంబరు, ఐ.ఎఫ్.ఎస్. కోడ్ రాసి పంపిన డబ్బు. రూ.2 లక్షలు, ఆ పైన అయితే ఆర్.టి.జి.ఎస్. అని కూడా ఉండొచ్చు. కోడ్‌లో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకును, చివరి ఆరు శాఖను చెబుతాయి. అయిదోది సున్నా, ‘ఓ’ అక్షరం కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక పాత కోడ్‌లు మారాయి. కాబట్టి పాత పాస్‌బుక్ చూసి కోడ్ ఇవ్వకండి. ‘డబ్బు పంపేశాం’ అని వ్యాపారి అంటే యు.టి.ఆర్. నంబరు అడిగి రాసుకోండి. దాన్నిబట్టే బ్యాంకువారు ఆచూకీ తీస్తారు.

ఎ.పి.బి.ఎస్. లేదా డి.బి.టి.: ఆధార్ మీద వచ్చే సొమ్ము. పి.ఎం. కిసాన్ వాయిదా రూ.2,000 ఇలాగే వస్తుంది. ఇక్కడ ఖాతా నంబరు చూడరు. మీ ఆధార్‌ను చివరిగా ఏ బ్యాంకులో ఈ చెల్లింపులకు జోడించారో అక్కడికే పోతుంది. మీకు రెండు మూడు ఖాతాలుంటే ‘రాలేదు’ అనుకునే ముందు మిగతావీ చూసుకోండి.

ఎ.సి.హెచ్.: పక్కన సి.ఆర్. ఉంటే జమ, డి.ఆర్. ఉంటే కోత. మీరిచ్చిన అనుమతి మీద ఫైనాన్సు వాయిదాల వంటివి ఇలా కోస్తారు. తెలియని కోత కనిపిస్తే వెంటనే శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

పి.ఎం.జె.జె.బి.వై., పి.ఎం.ఎస్.బి.వై.: ఇవి బీమా కోతలు. 2022 జూన్ నుంచి ఏడాదికి మొదటిదానికి రూ.436, రెండోదానికి రూ.20. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వారసుడికి ఇస్తుంది. ఇంటి పెద్ద పోయినప్పుడు ఆ పాస్‌బుక్‌ను మూలన పడేయకండి. ఆ రూ.436 కోత ఉందేమో ముందు చూడండి. ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకులో క్లెయిము ఫారం ఇవ్వండి.

రెండు నెలలకోసారి పాస్‌బుక్ ప్రింటు వేయించండి. చదువుకునే పిల్లలుంటే వాళ్లచేత ఈ గుర్తులు చదివించుకోండి.