కనిపించని గోడ: ఓపెన్ జూ డిజైన్ కథ

జూలో పులికీ మనకీ మధ్య ఇనుప చువ్వలు లేకపోతే చాలు, "ఎంత ఫ్రీగా తిరుగుతోందో చూడు!" అనేస్తాం. నాకు ఇక్కడే ఒక డౌట్. ఆ ఫ్రీడమ్ నిజంగా పులిదా, లేక చువ్వలు అడ్డం లేకుండా చూస్తున్న మన కళ్లదా? సమాధానం కావాలంటే ఈ డిజైన్ ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది అని చూడాలి.

హాంబర్గ్‌లో మొదలు

జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి ఉండేవాడు. వాళ్ల నాన్న అసలు చేపలు అమ్మేవాడు. 1848లో జాలర్ల వలలో ఆరు సీల్స్ పడితే, ఆయన వాటిని చెక్క తొట్లలో ఉంచి, చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర డబ్బులు తీసుకున్నాడు. అలా మొదలైన పని కొడుకు కాలానికి జూలకీ, సర్కస్‌లకీ సింహాలు, ఏనుగులు సప్లై చేసే పెద్ద వ్యాపారం అయింది.

అప్పట్లో జూ అంటే వరసగా బోనులే. హాగెన్‌బెక్ వేరేలా ఆలోచించి, 1896లో తన "పనోరమా" ఐడియాకి పేటెంట్ తీసుకున్నాడు. 1907లో హాంబర్గ్ పక్కనే ఉన్న స్టెల్లింగెన్‌లో ఆ ఐడియాతో జూ తెరిచాడు.

అది ఎలా పనిచేస్తుందంటే: ముందు ఒక కొలను, అందులో నీటి పక్షులు. దాని వెనక కొంచెం ఎత్తులో గడ్డి మేసే జంతువులు. ఇంకా వెనక సింహాలు. అన్నిటికన్నా పైన, సిమెంటుతో కట్టిన కొండ మీద కొండమేకలు. ఒక్కచోట నిలబడి చూస్తే అన్నీ ఒకే అడవిలో కలిసి తిరుగుతున్నట్టు ఉంటుంది. నిజానికి ఒక్కో అంచెకీ మధ్య లోతైన కందకం ఉంటుంది. చెట్లు, రాళ్లు, నేల ఎత్తు కలిసి ఆ కందకాన్ని మన కంట పడకుండా దాస్తాయి. దాని వెడల్పు మాత్రం అందం కోసం పెట్టింది కాదు. ఆ జంతువు ఎంత దూరం దూకగలదో చూసి లెక్క కట్టాల్సిందే.

మన భాషలో చెప్పాలంటే ఇది అద్భుతమైన ఫ్రంటెండ్. బోను కన్నా జంతువుకి గాలి, వెలుతురు, చోటు ఎక్కువ దొరికాయి, అది ఒప్పుకోవాలి. కానీ కొండ ఎక్కడ ఉండాలి, సింహం ఎక్కడ కనపడాలి అన్నది చూసేవాడు నిలబడే చోటుని బట్టి నిర్ణయమైంది.

ఇంకో విషయం చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఇదే హాగెన్‌బెక్ మనుషుల్ని కూడా ప్రదర్శనకి పెట్టాడు. 1874లో ఉత్తర యూరప్‌కి చెందిన సామీ ప్రజలతో మొదలుపెట్టాడు. 1880లో లాబ్రడార్ నుంచి ఎనిమిది మంది ఇన్యూట్‌లను యూరప్‌కి రప్పించాడు. వాళ్లకి ముందుగా మశూచి టీకాలు వేయించలేదు. కొన్ని నెలల్లోనే ఎనిమిది మందీ మశూచితో చనిపోయారు. అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. "సహజంగా కనిపించడం" వేరు, లోపలున్నవాళ్లు బాగుండడం వేరు అని దీన్ని చూశాకే నాకు గట్టిగా అనిపించింది.

సియాటిల్: లోపల ఉన్నవాళ్ల వైపు నుంచి

1970లలో అమెరికాలోని సియాటిల్ నగరం తన వుడ్‌లాండ్ పార్క్ జూని మార్చాలనుకుంది. డిజైన్ చేసింది జోన్స్ అండ్ జోన్స్ అనే ల్యాండ్‌స్కేప్ సంస్థ. వాళ్లు అడిగిన ప్రశ్న, జంతువు ఎలా కనిపించాలి అని కాదు, గొరిల్లా ఎలాంటి చోట బతుకుతుంది అని. నున్నటి సిమెంటు గదుల బదులు దట్టమైన మొక్కలు, చెట్లు, ఎత్తుపల్లాలు పెట్టారు. గొరిల్లాలు మొక్కలన్నీ పీకేస్తాయని, చెట్టెక్కి కింద పడతాయని భయపడ్డవాళ్లు ఉన్నారు. అయినా కట్టారు. అక్కడ గొరిల్లాకి ఇష్టం లేకపోతే ఆకుల చాటుకి వెళ్లిపోవచ్చు. చూసేవాడికి ఆ రోజు గొరిల్లా కనపడకపోవచ్చు కూడా! ఈ పద్ధతికి "ల్యాండ్‌స్కేప్ ఇమ్మర్షన్" అని పేరు వచ్చింది.

అదే దశాబ్దంలో, 1974లో, నార్త్ కరోలినా రాష్ట్ర ప్రభుత్వం యాష్‌బరోలో ఒక జూ తెరిచింది. సహజ ఆవాసం అన్నది అక్కడ తర్వాత చేసిన రిపేరు కాదు, మొదటి ప్లాన్‌లోనే ఉంది. మొత్తం స్థలం సుమారు 2,600 ఎకరాలు. అందులో జూగా తయారుచేసింది 500 ఎకరాలే, మిగతాదాంట్లో చాలావరకు అడవే. స్థలం ముందే చేతిలో ఉంటే, జంతువుకి సరిపడా చోటు ఇచ్చాకే దారి ఎటు వెయ్యాలో ఆలోచించొచ్చు.

మన దగ్గరికి

హాగెన్‌బెక్ కందకం మన దేశానికీ వచ్చింది. 1959లో తెరిచిన ఢిల్లీ జూ ప్లాన్‌లో అదే కుటుంబానికి చెందిన కార్ల్ హైన్రిచ్ హాగెన్‌బెక్ చెయ్యి ఉంది. 1963లో మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో మొదలైన హైదరాబాద్ జూలోనూ కందకాలున్న ఓపెన్ ఎన్‌క్లోజర్లే పెట్టారు.

అయితే కందకం ఒక్కటే చూసి మార్కులు వేసేయకూడదు. చాలా జూల్లో సాయంత్రం కాగానే జంతువుల్ని వెనకున్న నైట్ హౌస్‌లోకి పంపేస్తారు. మనం వెళ్లేది పగలు కాబట్టి అది మనకి కనపడదు. పగలు ఎంత పెద్ద మైదానంలో తిరిగినా, రోజులో సగం ఆ చిన్న గదిలోనే గడిచిపోవచ్చు. అదే అసలు బ్యాకెండ్.

అందుకే ఈసారి జూకి వెళ్తే మూడు ప్రశ్నలు పట్టుకెళ్లండి. మన చూపు నుంచి తప్పుకోవాలంటే ఈ జంతువుకి చోటుందా? ఎండ, నీడ, నీళ్లు, ఎత్తు, వీటిలో ఏది కావాలో అదే ఎంచుకోగలదా? రాత్రి ఎక్కడ ఉంటుంది? మూడోదానికి బోర్డు మీద సమాధానం దొరకదు, అక్కడి కీపర్ గారిని అడగాలి. మొదటిదానికి సమాధానం "ఉంది" అయితే, ఆ రోజు మీకు పులి కనపడకపోవచ్చు. టికెట్ డబ్బులు వేస్ట్ అని మాత్రం అనుకోకండి. ఆ ఎన్‌క్లోజర్ సరిగ్గా పనిచేస్తోందన్నమాట.